ఇసుక లేని నీళ్ళు

ఎల్లారెడ్డి తాలూకా పేరు ఎవరైనా ఎత్తితే నాకు ముందు గుర్తొచ్చేది నడుం నొప్పి. తరువాతే ఊరు, మనుషులు, గుడి, దేవుడు. ఇలా రాస్తే మా సంఘం పెద్దలు నొచ్చుకుంటారేమో గానీ, ఉన్నమాట ఉన్నట్టు రాసుకునే వయసు వచ్చింది నాకు. ఎల్లారెడ్డికి కాస్త అవతల, అడవి అంచున ఒక చిన్న ఊళ్ళో మా ఆయన ఉపదేశిగా పనిచేసేవాడు. ఉపదేశి అంటే అయ్యగారు కాదు. బాప్తిస్మం ఇచ్చే అధికారం లేదు, ప్రభువు బల్ల దగ్గర రొట్టె విరిచే అధికారం లేదు. ఆదివారం వాక్యం చెప్పడం, పిల్లలకు అక్షరాలు దిద్దించడం, జబ్బు పడ్డవాళ్ళ మంచం పక్కన కూర్చోవడం, చుట్టూ ఉన్న ఊళ్ళు తిరగడం, అందరి చేతా మాటలు పడడం ఆయన పని. ఆయనకు వండిపెట్టడం, నీళ్ళు మోయడం నా పని. ఆ నీళ్ళ సంగతే ఇది.

నేను సదాశివనగర్ వైపు పిల్లను. కామారెడ్డిలో బోర్డింగు బడిలో ఉండి నాలుగక్షరాలు నేర్చుకున్నాను. ఆ బడి ఆవరణలోనే గిలక బావి ఉండేది. తాడు లాగితే గిలక కీచుమనేది, బొక్కెన పైకి వచ్చేది. దాని మీద నీళ్ళు చిలకరించుకుంటూ ఆడుకున్నామే తప్ప, అది భాగ్యమని ఆ రోజుల్లో తోచలేదు. పెళ్ళయి ఈ ఊరికి వచ్చాక తోచింది.

ఈ ఊళ్ళో ఊరి బావి మాకు ఎలాగూ లేదు. అది తాతల నాటి నుంచీ లేనిదే కాబట్టి దాని గురించి బాధపడే ఓపిక కూడా ఎవరికీ ఉండేది కాదు. మా వాడకు వేరే బావి ఉంది. వాడలో కొన్ని ఇండ్లు ప్రభువును నమ్ముకున్నాయి, ఎక్కువ ఇండ్లు నమ్ముకోలేదు. అయినా అందరూ అన్నదమ్ములే, వదినా మరదళ్ళే. ఒకే బావి నీళ్ళు తాగేవాళ్ళం. యుద్ధం వచ్చిందని కామారెడ్డి స్టేషన్లో అనుకుంటున్న రోజులవి. ఆ యేడు వానలు ముఖం చాటేశాయి. పక్క ఊళ్ళో గత్తర వచ్చి, వాంతులు విరేచనాలతో మనుషులు పోయారు. వాడ పెద్దమనిషి శ్రావణంలో అందరినీ పిలిపించి, ఈ బావిని కాచేది పోచమ్మ తల్లి, ఈ నీళ్ళు తాగే ప్రతి ఇల్లూ తల్లికి బోనం ఎత్తాలి అన్నాడు. నమ్ముకున్న ఇండ్లవాళ్ళు తమ వల్ల కాదన్నారు. అయితే బావి మీదికి రావద్దన్నాడు ఆయన. ఎప్పుడైనా సరే, ఒక గురువారం నాడు బోనం నెత్తికెత్తుకుని వచ్చిన ఇంటికి మళ్ళీ బావి ఉంటుందన్నాడు. ఆయన చెడ్డవాడేం కాదు. గత్తర తన వాడకు రాకుండా ఆయనకు తెలిసిన ఇంతిజాం ఆయన చేసుకున్నాడు. అట్లా అని ఆయన మీద నాకు కోపం రాలేదని కాదు. రోజూ వచ్చేది, ముఖ్యంగా కుండ నెత్తి మీద ఉన్నప్పుడు.

బావి పోయాక మాకు మిగిలింది వాగు. వానకాలం వెనకబట్టగానే అది కూడా ఎండిపోయింది. ఎండిన వాగులో ఇసుక కింద నీళ్ళుంటాయి. చేతులతో ఇసుక తోడి గుంట చేస్తే, కాసేపటికి అడుగున నీళ్ళు ఊరతాయి. అదే చెలమ. ఆత్రపడి ముంచితే బురద వస్తుంది. ఊరేదాకా ఎండలో కూర్చోవాలి. ఊరాక కొబ్బరి చిప్పతో మెల్లగా ముంచి, కొంగు మీదుగా వడగట్టి కుండలో పోసుకోవాలి. ఎంత వడగట్టినా కుండ అడుగున ఇసుక చేరుతుంది. అన్నంలో ఇసుక, పప్పులో ఇసుక. ఆ యేడు మా వాడలో పండ్లు నూరని మనిషి లేడు.

ఒక ఆదివారం మా ఆయన ప్రసంగంలో, దేవుని కోసం కనిపెట్టుకుని ఎదురుచూడడమంటే చెలమ దగ్గర కూర్చోవడం వంటిదని చెప్పాడు. మంచి పోలికే. కానీ గుడిలో కూర్చున్న ఆడవాళ్ళందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చెలమ దగ్గర కూర్చున్నది మేము, పోలిక తీసింది ఆయన. నా ముఖం చూసే ఆయనకు అర్థమై ఉంటుంది. మరునాడు తానే ఒక కుండ పట్టుకుని మా వెనకాల వాగుకు వచ్చాడు. ఊళ్ళో ఉన్న రోజుల్లో అప్పటి నుంచి రావడం మానలేదు. ఆ పోలిక మాత్రం మళ్ళీ ఎన్నడూ చెప్పలేదు.

సంఘంలో ఒక అవ్వ ఉండేది. వాడ పెద్దమనిషికి వరుసకు వదిన, పిల్లలు లేని విధవరాలు. ఆ ఊళ్ళో మొట్టమొదట ప్రభువును నమ్ముకున్న మనిషి ఆమెనే. మా గుడి ఆమె పశువుల కొట్టం ఉన్న జాగాలోనే కట్టారు. గుడి అంటే మట్టిగోడలు, గడ్డికప్పు, ఎదురుగా గోడకు ఒక చెక్క సిలువ. రోజూ ఆ నేల అలికేది అవ్వనే. నాకు కడుపు అని తెలిసిన నాటి నుంచి వాగు దగ్గర నా చెలమ కూడా తనే తోడేది. నేను వద్దంటే, నీ వేళ్ళు బలపం పట్టినవి, వాటికి ఇసుక తోడుడు రాదు అని ఎగతాళి చేసేది.

చలికాలం నడిమికి వచ్చేసరికి సంఘం బీటలు వారింది. ఒక ఇంటి చిన్నకోడలు, చంటిబిడ్డల తల్లి, వాగుకు తిరగలేక ఒక గురువారం బోనం ఎత్తింది. సంఘంలో ఒక నియమం ఉంది. బోనం ఎత్తినవాళ్ళు అందరి ముందు నిలబడి తప్పయిందని ఒప్పుకునేదాకా బల్లకు దూరం, గుడి గడప లోపలికి రాకూడదు. ఆ నియమం పెట్టింది మా ఆయన కాదు. కానీ వెళ్ళి ఆమెకు చెప్పాల్సింది ఆయనే. చెప్పి వచ్చాడు, ఆ పూట అన్నం ముట్టలేదు. ఆ పిల్ల మళ్ళీ గుడి వైపు రాలేదు.

అట్లాంటి సమయంలో ఆయన కామారెడ్డిలో ఉపదేశుల కూటానికి పోయివచ్చాడు. పోయినప్పుడు ఎట్లా ఉన్నాడో వచ్చినప్పుడూ అట్లాగే ఉన్నాడు, కానీ చెప్పిన వార్త మాత్రం కొత్తది. బక్కచిక్కిన ఈయనను చూసి అక్కడి అయ్యగారికి జాలి కలిగిందట. బోర్డింగు బడిలో పంతులు కావాలి, నువ్వు వచ్చేయ్ అన్నాడట. ఉండడానికి ఆవరణలోనే ఇల్లు. తాను వచ్చేస్తే ఈ ఊరికి ఎవరని మా ఆయన అడిగితే, ఇప్పట్లో ఎవరూ లేరు, యేటికి ఒకటి రెండుసార్లు నేనే వచ్చి చూసిపోతాను అన్నాడట. ఉగాది దాటినాక వస్తాను, అప్పటికి పుట్టే బిడ్డకు బాప్తిస్మం ఇస్తాను, ఈలోగా దేవుని అడిగి అప్పుడు నీ మాట చెప్పు అని పంపించాడు.

ఆవరణ అన్న మాట దగ్గరే నా చెవులు ఆగిపోయాయి. గిలక చప్పుడు వినిపించింది నాకు. పోదామన్నాను. దేవుని అడుగుదాం అన్నాడు ఆయన. మనం పోతే ఈ నాలుగు ఇండ్లు ఏమైతాయో ఆయననే అడగాలె అన్నాడు. అడిగితే అడగనీ, దేవునికి మాత్రం కళ్ళు లేవా, నా కడుపు కనబడదా అనుకున్నాను.

అడగడం మొదలుపెట్టాం. ఆయన మోకాళ్ళ మీద అడిగేవాడు, నేను నడుస్తూ అడిగేదాన్ని. నా ప్రార్థన ఒకటే, ప్రభువా, పొమ్మని చెప్పు. నడిపింపు అడిగే తీరు ఇది కాదని నాకూ తెలుసు. అర్జీ నేనే రాసి, కచ్చేరీలో మొహరు కొట్టండి చాలు అన్నట్టుంది అది. అయినా అంతకంటే వేరేగా అడిగే బలం నాకు లేదు. శుక్రవారాలు ఆయన ఉపవాసం ఉండేవాడు. ఆ రోజు నాకు వంట తప్పేది గానీ నీళ్ళు తప్పేవి కావు. ఒకసారి వాగు గట్టు ఎక్కుతుంటే కాలు జారి కుండ పగిలింది. దేవుడు పొమ్మంటున్నాడు చూడండి అన్నాను ఇంటికి వచ్చి. కుండ పలిగింది, అంతే అన్నాడు. ఒకనాడు కామారెడ్డి వైపు పోయే ఖాళీ బండి మా వాడ ముందే ఆగింది. అదీ చూపించాను. బండివాడు చుట్ట కాల్చుకోవడానికి ఆగాడు, కాల్చుకుని పోయాడు.

రోజులు గడిచేకొద్దీ నాకు ఆయన మీద ఒక అనుమానం పట్టుకుంది. మోకాళ్ళ మీద అంతసేపు ఉంటున్నాడు కదా, ఈయనకు దేవుడు ఏదో చెప్పే ఉంటాడు. ఉండిపొమ్మని చెప్పి ఉంటాడు. నాకు చెబితే ఏడుస్తానని దాస్తున్నాడు. అట్లా అనుకుని ఆయనతో మాటలు తగ్గించాను. ఇంట్లో ఉన్నది ఇద్దరమే, అందులో ఒకరం మాట్లాడకపోతే ఎట్లా ఉంటుందో చెప్పక్కర్లేదు.

మా ఆయన పక్క ఊళ్ళకు పోయిన ఒక మధ్యాహ్నం నేను గుడిలో గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాను. నేల అలకడానికి వచ్చిన అవ్వ నన్ను చూసి, పోవుడు సంగతి దేవుడు ఏమన్న చెప్పిండా అని అడిగింది. ఏమీ చెప్పలేదన్నాను. అవ్వ చేతులు కడుక్కుని బయటికి పోయి, రెండు గన్నేరు పూలు తెంపుకొచ్చింది. వాటిని నీళ్ళలో ముంచి, ముక్కాలిపీట ఎక్కి, సిలువకు కుడి రెక్క మీద ఒకటి, ఎడమ రెక్క మీద ఒకటి అంటించింది. కుడిది పడితే ఉండుమన్నట్టు, ఎడమది పడితే పొమ్మన్నట్టు అంది. పోచమ్మ రాయికి పూలు అంటించి అడిగే పద్ధతిని నేను చిన్నప్పుడు మా ఊళ్ళో చూశాను. సిలువ మీద చూడడం అదే మొదలు.

"మా అత్త పోచమ్మను గిట్లనే అడుగుతుండె. అడిగేతందుకు నాకు ఇంకో తీరు రాదు బిడ్డా," అంది అవ్వ. "దేవుడు మారిండు గని అడిగేదాన్ని నేనే గద."

దిగమని చెప్పాల్సింది. ఉపదేశి భార్యను. కానీ నా కళ్ళు అప్పటికే ఎడమ పువ్వు మీద ఉన్నాయి. ఇద్దరం నేల మీద పక్కపక్కన కూర్చుని చూశాం. గాలి లేదు. పువ్వుల మీద తడి ఆరింది. పడాల్సిన పువ్వులు ఆరి చెక్కకు ఇంకా గట్టిగా అతుక్కున్నాయి. పొద్దు వాలేదాకా ఒక్కటీ పడలేదు. అవ్వ మోకాళ్ళు పట్టుకుని లేస్తూ, పోచమ్మయితే ఈపాటికి ఏదో ఒకటి చెప్పేది అని గొణిగింది. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది.

మరునాడు మా ఆయన వచ్చి గుడి తలుపు తీసేసరికి వాడిన పూలు సిలువ మీదే ఉన్నాయి. నేను వెనకాలే పోయాను. అవ్వ మీద కేకలు వేస్తాడని, నడుమ నేను నిలబడాలని సిద్ధమయ్యే పోయాను. ఆయన పూల వైపు చాలాసేపు చూసి, ఎవరు పెట్టారని అడిగాడు. చెప్పాను. ఎందుకు పెట్టారో కూడా చెప్పాను. ఆయన చెప్పులు విడిచిన చోటే నేల మీద కూర్చుండిపోయాడు.

"ఏమన్న చెప్పిండా?" అని అడిగాడు.

లేదన్నాను. రెండూ పడలేదన్నాను.

"నాకు సుత ఏం చెప్పలే," అన్నాడు. "ఇన్ని దినాలాయె. ఒక్క ముచ్చట గూడ చెప్పలే."

ఆ మాటకు నాకు భయం వేసింది. ఆదివారం ఆదివారం నిలబడి, అడగండి, ఆయన తోవ చూపిస్తాడని చెప్పే మనిషి ఇతడు. ఆయనకే చెప్పకపోతే ఇక ఎవరికి చెబుతాడు? భయం కాస్త తగ్గాక ఇంకొకటి అర్థమైంది. ఇన్నాళ్ళూ ఆయన నా దగ్గర ఏమీ దాచలేదు. దాచడానికి ఆయన దగ్గర ఏమీ లేదు. నాలాగే వట్టి చేతులతో ఉన్నాడు. పోయి ఆయన పక్కన కూర్చున్నాను. పెళ్ళయిన నాటి నుంచి ఆయన అంత దగ్గరివాడుగా నాకెప్పుడూ అనిపించలేదు. ఆయన లేచి, పూలను తానే గోటితో తీసి కిటికీలో పెట్టాడు. అవ్వను ఒక్క మాట అనలేదు.

ఎండలు మొదలయ్యే వేళకు నాకు ఆడపిల్ల పుట్టింది. కాన్పయిన వెంటనే చలిజ్వరం పట్టుకుంది. మంచం మీద నుంచి లేవలేని స్థితి. మా ఆయన ఊళ్ళో ఉన్న రోజు వాగుకు పోయేవాడు. కానీ ఊళ్ళు తిరగక తప్పదు, పోతే రెండు మూడు రోజులకు గానీ వచ్చేవాడు కాదు. ఆ రోజుల్లో అవ్వ నీళ్ళు తెచ్చేది. ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు వాకిట్లో కుండ దించిన చప్పుడయ్యేది. బాలింతకు వేన్నీళ్ళు, బిడ్డకు స్నానం, బట్టలు ఉతకడం, దేనికీ నీళ్ళ కరువు లేదు. ముసలి ప్రాణం ఇన్ని కుండలు వాగు నుంచి ఎట్లా మోస్తోందో అని జ్వరంలో అప్పుడప్పుడు అనుకునేదాన్ని, అంతలో మళ్ళీ మగత కమ్మేది.

జ్వరం కాస్త దిగినాక ఒకనాడు గోడ పట్టుకుని లేచి, ఖాళీ అయిన కుండ కడుగుదామని వంచాను. అడుగున ఇసుక లేదు. చెయ్యి పెట్టి తడిమి చూశాను. లేదు. చెంబులో మిగిలిన నీళ్ళు నోట్లో పోసుకుంటే నాలుకకు ఉప్పన తగిలింది. చెలమ నీళ్ళకు ఉప్పదనం ఉండదు. మా వాడ బావి నీళ్ళకే ఉంటుంది.

ఆ మధ్యాహ్నం అవ్వ కుండ దించగానే, ఇవి ఎక్కడి నీళ్ళని అడిగాను. అవ్వ తడబడలేదు. నెత్తి మీది చుట్టకుదురు తీసి దులిపి, చెప్పింది.

"బోనమెత్తిన బిడ్డా. నీకు జరమొచ్చిన గురువారమే ఎత్తిన."

మంచం మీద కూలబడ్డాను. ఎందుకు చేశావవ్వా, నిన్ను బల్లకు దూరం పెడతారు, నువ్వు జాగా ఇచ్చిన గుడిలోకి నిన్నే రానివ్వరు అన్నాను. ఏడుస్తూనే అరిచాను. అవ్వ నా పక్కన కూర్చుని బిడ్డను ఒళ్ళోకి తీసుకుంది.

"నువ్వు అడిగినవు, పంతులు అడిగిండు. నేను గూడ అడిగిన," అంది. "పువ్వు పెట్టి గాదు, ఊకెనే కూసొని అడిగిన. పచ్చి బాలింతకు నీళ్ళెట్ల, పసిగుడ్డుకు నీళ్ళెట్ల అని. నా కాళ్ళతోటి వాగుకు ఒక్క కుండ అయితది, రెండో కుండ కాదు. నాకు గిదే తోచింది. తప్పో ఒప్పో ఆయననే చూసుకుంటడు."

మా ఆయన వచ్చాక చెప్పాను. నియమం పక్కన పెట్టమని బతిమాలాను. ఆయన ముఖం కడుక్కోకుండానే అట్లా వాకిట్లో నిలబడిపోయాడు. ఆ చిన్నకోడలు కూడా బిడ్డల కోసమే ఎత్తింది, ఆమెను బయట పెట్టినవాణ్ణి, నా ఇంటికి నీళ్ళు మోసిందని ఈమెను లోపల ఎట్ల కూసోబెట్టాలె అన్నాడు. న్యాయం ఆయన వైపే ఉంది, అందుకే నాకు అంత కోపం వచ్చింది. ఆయన అవ్వ ఇంటికి పోయి కూర్చుని, అందరి ముందు తప్పయిందని ఒక్క మాట అనమన్నాడట. అంటే చాలు, వచ్చే బల్ల నాటికి లోపలికి తీసుకోవచ్చునన్నాడట. బోనమెత్తుడు తప్పంటే అంట గని, నీళ్ళు తెచ్చుడు తప్పని ఎట్లంట పంతులయ్యా, రెండూ ఒక్కటే పని గద అందట అవ్వ. ఆ వచ్చే ఆదివారం నుంచి, ఎవరూ చెప్పకుండానే గడప అవతల కూర్చుంది. నేల మాత్రం రోజూ అలుకుతూనే ఉంది. అలకడానికి లోపలికి రావచ్చా అని ఎవరూ అడగలేదు, ఆమె కూడా అడగలేదు.

ఉగాది దాటింది. చెప్పినట్టే అయ్యగారు బండిలో వచ్చాడు. ఆ పొద్దున మా ఆయన చీకటితోనే ఎల్లారెడ్డి దాకా ఎదురుపోయాడు. నేనింకా గోడలు పట్టుకుని నడుస్తున్నాను. వాగు నుంచి నీళ్ళు తేవాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. ఇంట్లో ఉన్నవి అవ్వ తెచ్చిన నీళ్ళే. ఇత్తడి గిన్నె తోమి వాటినే పోసి గుడిలో బల్ల మీద పెట్టాను.

మా సంఘంలో ఒక ఆచారం ఉండేది. పుస్తకాల్లో లేదు, పెళ్ళిళ్ళలో నీళ్ళ కుండ మోసిన ఆడమనిషికి చేసే మర్యాద నుంచి వచ్చింది కాబోలు. బిడ్డకు బాప్తిస్మం ఇచ్చేటప్పుడు, ఆ నీళ్ళు ఎవరు తెచ్చారో వాళ్ళే గిన్నె పట్టుకుని అయ్యగారి పక్కన నిలబడాలి. అయ్యగారికి అది తెలుసు. అందులో తప్పేముందని ఎప్పుడూ కాదనలేదు. ఆ రోజూ పాట అయిపోయాక, నేను బిడ్డను ఎత్తుకుని నిలబడగానే, నీళ్ళు తెచ్చినవాళ్ళు ముందుకు రమ్మన్నాడు.

ఎవరూ లేవలేదు. అందరికీ తెలుసు. అయ్యగారికి కూడా అవ్వ బోనం ఎత్తిన సంగతి తోవలోనే మా ఆయన చెప్పాడు, గిన్నెలోవి ఆమె నీళ్ళన్న సంగతి మాత్రం చెప్పలేదు. మా ఆయన నేల చూస్తున్నాడు. నేనే, అవ్వ తెచ్చింది అయ్యగారూ అన్నాను. అయ్యగారు మా ఆయన వైపు చూశాడు. గడప అవతల నుంచి అవ్వ, వేరే నీళ్ళు తెప్పించుండ్రి అయ్యగారూ, నేను ఈడనే ఉంట అంది.

వేరే నీళ్ళు ఎక్కడున్నాయి? వాగు అంత దూరం. అయినా పంపుదామా అన్నట్టు ఒకరిద్దరు లేచారు కూడా. అప్పుడు మా ఆయన నా దగ్గరికి వచ్చి నా చేతుల్లోంచి బిడ్డను తీసుకున్నాడు. రెండో చేత్తో బల్ల మీది గిన్నె తీసుకున్నాడు. నీళ్ళు తొణకకుండా మెల్లగా నడిచి గడప దగ్గరికి పోయి, గిన్నెను అవ్వ చేతుల్లో పెట్టాడు. తాను గడప ఇవతలే నిలబడి, బిడ్డ తలను గడప మీదికి చాచాడు. ఇన్ని నెలలు ప్రతి అడుగుకూ దేవుని అడిగిన మనిషి, ఆ పని మాత్రం ఎవరినీ అడగలేదు.

అయ్యగారు పుస్తకం పట్టుకుని గడప దగ్గరికి నడిచాడు. అవ్వ బయట, మేము లోపల. ఆమె గిన్నెను రెండు చేతులా పైకెత్తి పట్టింది. ఆ నీళ్ళతోనే నా బిడ్డకు బాప్తిస్మం అయింది. నుదుటి మీద నీళ్ళు పడగానే పిల్ల కెవ్వుమంటే, ఉప్పగున్నయేమో అంది అవ్వ మెల్లగా. నవ్వాలో ఏడవాలో తెలియక నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను.

నియమం మాత్రం తప్పలేదు. బల్ల దగ్గర రొట్టె అందరం తీసుకున్నాం, అవ్వకు అందలేదు. అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఆ తర్వాత కూడా ఆమె తప్పయిందని ఎన్నడూ అనలేదు, కన్నుమూసేదాకా గడప అవతలే కూర్చుంది. వానలు వచ్చినప్పుడు మా ఆయన అడవిలోంచి వాసాలు తెచ్చి, గుడి చూరును ఆ గడప మీదికి పొడిగించాడు. అంతకంటే ఏం చేయాలో ఆయనకు తెలియలేదు. చేతనైతే ఇంకేదో చేసేవాడే.

బండి కట్టే ముందు అయ్యగారు మమ్మల్ని పక్కకు పిలిచి, దేవుడు ఏం చెప్పాడు, వస్తున్నారా అని అడిగాడు. మా ఆయన నా వైపు చూశాడు. పోదామని నెలల తరబడి పోరు పెట్టింది నేను కదా, జవాబు కూడా నా నోటి నుంచే రావాలని కాబోలు. గిలక బావి గుర్తొచ్చింది. నడుం పట్టేసి ఉంది, జ్వరం నీరసం ఒంట్లో ఇంకా ఉంది. అయినా గడప దగ్గర గిన్నె కడుగుతున్న అవ్వ వైపే చూపు పోయింది.

"మాకేం చెప్పలే అయ్యగారూ," అన్నాను. "గని పోబుద్ధి అయితలేదు."

అయ్యగారు తల ఊపాడు. సంతోషించాడో, మా కష్టం తలచుకుని బాధపడ్డాడో తెలియదు. బండి కదిలిపోయింది.

ఆ సాయంత్రం బిడ్డను మా ఆయన చేతికిచ్చి, కుండ తీసుకుని నేను వాగుకు బయలుదేరాను. ఇవాళ ఒద్దు అన్నాడు ఆయన. వినలేదు. అవ్వ తన ఆత్మను కుదువబెట్టి తోడిన నీళ్ళు తాగడం ఇక నా వల్ల కాదు. అడుగు తీసి అడుగు వేయడానికి ఆయాసం వస్తోంది. సగం తోవలో వెనక అడుగుల చప్పుడైతే తిరిగి చూశాను. అవ్వ. నెత్తి మీద ఖాళీ కుండ.

నీకు బావి ఉంది గద అవ్వా, నువ్వెందుకు వస్తున్నావని అడిగాను.

"నీళ్ళు నీకోసం తోడిన బిడ్డా," అంది. "నువ్వు వాగుకు వోయినంక నాకెందుకు ఆ బావి?"

ఇద్దరం ఇసుక తోడి, నీళ్ళు ఊరేదాకా కూర్చున్నాం.